సింహాన్ని చూడబోయి

గత నెల ఈ శీర్షిక రాలేదేమని ముగ్గురు చదువరులు నిలదీసినారు. సంజాయిషీ చెప్పుకొంటున్నాను. నేను ఆఫ్రికా వెళ్ళి వచ్చినాను. హోసూరులో ఫైళ్ళు సర్దుకొనే గుమాస్తాకు ఆఫ్రికా ఏమిటని నవ్వకండి. నైరోబీలో ఉద్యోగం చేసే మా తమ్ముడు టిక్కెట్లు పంపి, "అన్నయ్యా, అమ్మను తీసికొని రా" అన్నాడు. 2024 ఆగస్టులో పది రోజులు సెలవు పెట్టి, అమ్మతో బయలుదేరినాను.

కెన్యాలోని మసాయి మారా అడవికి వెళ్ళేవారంతా 'పెద్ద ఐదు' చూడాలంటారు. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. కాలినడకన వేటాడటానికి అన్నిటికంటె ప్రమాదమైన జంతువులని పూర్వం వేటగాళ్ళు కట్టిన జాబితా అది. నేనూ చేతిపుస్తకంలో ఐదు పేర్లు వ్రాసికొన్నాను. రెండు రోజులకు మూడింటికి టిక్కు పడినది. చిరుత లేదు, ఖడ్గమృగం లేదు. ఇంత దూరం వచ్చి లెక్క తేలకపోయెనే అని నాకు ఒకటే దిగులు.

మూడవనాడు దారిలో డ్రైవరు జీపు ఆపినాడు. చిరుత కాబోలనుకొని లేచి నిలబడినాను. చూస్తే పేడపురుగు! తలక్రిందులుగా నిలిచి, వెనుక కాళ్ళతో తనకంటె పెద్ద పేడ ఉండను దొర్లించుకొని పోతున్నది. నా ముఖం చూచి డ్రైవరు నవ్వి ఒక సంగతి చెప్పినాడు. దక్షిణాఫ్రికాలో కొందరు శాస్త్రజ్ఞులు ఈ జాతి పురుగుల తలకు చిన్న అట్టటోపీలు పెట్టి ఆకాశం కనబడకుండా చేసినారట. అవి దారి తప్పి వంకరటింకరగా తిరిగినవట. చంద్రుడు లేని రాత్రి పాలపుంత వెలుగును బట్టి ఇవి తిన్నగా నడుస్తాయని 2013లో ప్రకటించినారు. తిన్నగా పోకపోతే, ఉండను మరొక పురుగు కాజేస్తుంది మరి!

మధ్యాహ్నం, దిగవచ్చునన్న చోట చెట్టు క్రింద చాప పరచినాము. 'చిన్న ఐదు' అని మరొక జాబితా ఉన్నదని డ్రైవరు అప్పుడు చెప్పినాడు. పెద్ద జంతువుల పేర్లు పెట్టుకొన్న చిన్న ప్రాణులవి. చిరుత మచ్చల తాబేలు, ఖడ్గమృగంవలె కొమ్మున్న పురుగు, దున్న పేరు గల గిజిగాడు, తొండంవంటి ముక్కున్న ఏనుగు చుంచు. ఈ చుంచు నిజంగానే చుంచులకంటె ఏనుగుకు దగ్గర చుట్టమట. ఐదవది చీమల సింహం.

"అదెట్లా ఉంటుంది?" అని నేను అడిగేలోపల అమ్మ, "ఇదిగో, ఇక్కడ ఉన్నదే!" అన్నది. చెట్టు మొదట మెత్తని దుమ్ములో గరాటువంటి చిన్న చిన్న గుంటలు. అమ్మ గడ్డిపోచతో ఒక గుంట అంచును కదిపినది. అడుగునుంచి ఇసుక చివ్వున ఎగిరినది. చీమ జారిపడినదనుకొని లోపలి పురుగు విసిరిన ఇసుక అది. పెరిగిన తరువాత ఇదే తూనీగవంటి రెక్కల పురుగౌతుంది.

ఇంగ్లీషువారికి అది సింహం. మా హోసూరు తమిళ నేస్తులకు అదే కుళియానై, అంటే గుంట ఏనుగు. చిన్నప్పుడు మా పాతింటి చూరు క్రింద అమ్మ ఈ గుంటలే చూపి, నా ఏడుపు మాన్పించేది. పేరు ఏదైనా, నేను మొదట చూచిన సింహమూ ఏనుగూ అదే.

"మన ఇంట్లో ఇప్పుడెక్కడున్నాయిరా, వాకిలంతా సిమెంటు చేయించినావుగదా" అన్నది అమ్మ. నిష్ఠూరంగా అనలేదు. మూడేండ్ల క్రితం ఆమె వద్దంటున్నా, బురద పోతుందని ఆ పని చేయించినవాణ్ణి నేనే. నాకు మాట రాలేదు.

చిరుత ఆఖరుదాకా కనబడలేదు. చేతిపుస్తకంలో రెండు గడులు ఖాళీగానే ఉన్నవి. ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం, మెట్ల ప్రక్కన వాన తగలని చోట రెండడుగుల మేర సిమెంటు పగులగొట్టించి మెత్తని మట్టి పోయించినాను. ఇంకా ఒక్క గుంటా పడలేదు. అమ్మ మాత్రం రోజూ కాఫీ త్రాగి, కళ్ళజోడు పెట్టుకొని, ఒకసారి వంగి చూచి వస్తున్నది.