ఐర్లండ్ పిల్లల చేత మళ్లీ రాయించాలి

1937లో ఐర్లండ్ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద తరగతుల పిల్లలకు ఒక పని అప్పగించింది. వ్యాసరచనకు బదులుగా ఇంట్లో తాతలనూ అవ్వలనూ, ఇరుగుపొరుగు పెద్దలనూ అడిగి తెలుసుకున్నదంతా నోటుపుస్తకంలో రాసుకు రమ్మంది. 1935లో ఏర్పడిన ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్, ఏయే విషయాలు అడగాలో చెబుతూ టీచర్ల కోసం ఒక చిన్న పుస్తకం సిద్ధం చేసింది. ఉపాధ్యాయుల సంఘం చేయి కలిపింది. 1939 నాటికి సుమారు 5,000 బడుల నుంచి, దాదాపు 50,000 మంది పిల్లల శ్రమతో, ఏడు లక్షల పైచిలుకు పేజీలు పోగయ్యాయి. వాటిలో దయ్యాల కథలూ నాటువైద్యాలే కాదు, పిల్లలు తమ ఆటల గురించి, తామే చేసుకున్న బొమ్మల గురించి రాసినవీ ఉన్నాయి. ఎల్డర్ కొమ్మలోని బెండు తీసేసి చేసిన తుపాకులు, ఖాళీ దారపుకండెతో బొంగరాలు, గుడ్డపీలికల బొమ్మలు అందులో కనిపిస్తాయి. ఇవాళ ఆ పేజీలు యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో భద్రంగా ఉన్నాయి, ‘దూఖస్’ వెబ్‌సైటులో ఎవరైనా చదువుకోవచ్చు. ఐర్లండ్ ప్రభుత్వం ఆ పనిని మళ్లీ చేపట్టాలి. ఆ రాతలకు తోడుగా ఆటవస్తువులను దాచే జాతీయ బాల్య సంగ్రహాలయం ఒకటి నెలకొల్పాలి. ఈ దేశంలో పిల్లలను పెంచుతున్న తెలుగు కుటుంబాలు ఈ కోరికను తమ కోరికగా ఎత్తుకోవాలి.

బొమ్మలు దాస్తే చాలదా, రాతలు దేనికి అన్న ప్రశ్న సహజం. డబ్లిన్ తవ్వకాల్లో వైకింగుల నాటి చెక్క ఆటపడవలు బయటపడ్డాయి. తడిమట్టిలో గాలి సోకక వందల ఏళ్లు నిలిచాయి. వాటిని నీళ్లలో వదిలిన పిల్లలు ఎవరో, ఎవరితో పందెం కట్టారో, ఏమని అరిచారో చెప్పేవాళ్లు లేరు. బొమ్మ ఒక్కటే మిగిలితే చేతికందేది సగం సాక్ష్యమే. ఇరవయ్యో శతాబ్దపు బొమ్మలకైతే ఆ సగమూ దక్కేలా లేదు. మెత్తదనం కోసం పీవీసీలో కలిపిన రసాయనం కాలక్రమేణా పైకి ఊరి బొమ్మ ఒళ్లంతా జిగురవుతుంది. లోపలి ఫోం పొడిపొడిగా రాలుతుంది. రేకుబొమ్మలను ఐర్లండ్ తేమ తినేస్తుంది. ఎంత నేర్పున్న సంరక్షకులైనా ఈ క్షయాన్ని నెమ్మదింపజేయగలరు గాని ఆపలేరు. డొనెగల్ కౌంటీలోని క్రోలీలో 1939లో బొమ్మల కార్ఖానా మొదలైంది. పనులు దొరకని గేలిక్ పల్లెలకు అది ఉపాధి. అక్కడి బొమ్మలు కొన్ని సేకర్తల అలమరాల్లో ఉన్నాయి. వాటిని కుట్టిన చేతులకు తెలిసిన సంగతులు, వాటిని చంకనెత్తుకు తిరిగిన పిల్లల జ్ఞాపకాలు ఏ అలమరాలో ఉన్నాయి? ఇక ఏ బొమ్మ మిగలాలో ఇంతకాలం డబ్బే తేల్చింది. డబ్లిన్ వడ్రంగి జేమ్స్ హిక్స్ నెవిల్ విల్కిన్సన్ కోసం 1922 దాకా పదిహేనేళ్లు శ్రమించి చేసిన టైటానియాస్ ప్యాలెస్ అనే అద్భుతమైన బొమ్మరిల్లు 1978లో వేలంలో డెన్మార్కు చేరింది. నేడు అది అక్కడి ఎగెస్కోవ్ కోటలో ఉంది. అంత విలువైనదాన్నే నిలుపుకోని దేశంలో దారపుకండె బొంగరాన్ని ఎవరు దాస్తారు? దాన్ని దాచగలిగింది పిల్లల రాత ఒక్కటే.

ఆ రాతలోనూ పెద్ద ఖాళీలున్నాయి. డబ్లిన్, కార్క్, లిమరిక్, వాటర్‌ఫోర్డ్ నగరాల బడులకు 1937 పథకం నుంచి మినహాయింపు ఇచ్చారు. ఉత్తర ఐర్లండ్ పిల్లలు అసలే లేరు. అచ్చమైన సంప్రదాయం పల్లెల్లోనే ఉంటుందన్న నమ్మకం అప్పటిది. మన తొక్కుడుబిళ్లకు సోదరి లాంటి ‘బెడ్స్’ ఆటను డబ్లిన్ పిల్లలు ఖాళీ బూట్‌పాలిష్ డబ్బాను బిళ్లగా వేసి ఆడేవారు. ఆ వీధి ఆటలను శ్రద్ధగా పోగుచేసిన ఐలీష్ బ్రేడీ పుస్తకం ‘ఆల్ ఇన్! ఆల్ ఇన్!’ వెలువడింది 1975లో. మేయో కౌంటీ టర్లో పార్కులో 2001లో తెరిచిన నేషనల్ మ్యూజియం శాఖ ఎంతో గొప్పది. కానీ అది ప్రధానంగా 1850 నుంచి 1950 దాకా సాగిన పల్లెబతుకును చూపేది. నగరం, ప్లాస్టిక్, టీవీ, వలస కలిసి మార్చేసిన బాల్యం దాని పరిధిలోకి రాదు. స్కాట్లాండ్ ప్రజలకు ఎడిన్‌బరోలో 1955 నుంచే బాల్యానికి సొంత మ్యూజియం ఉంది.

గతాన్ని తియ్యగా తలుచుకోవడం ఐర్లండ్‌లో ప్రమాదమని కొందరంటారు. ఈ అభ్యంతరం బరువైనది. ఇండస్ట్రియల్ స్కూళ్లలో పిల్లలు దశాబ్దాలపాటు పడిన హింసను 2009లో ర్యాన్ నివేదిక బయటపెట్టింది. తల్లీబిడ్డల ఆశ్రమాలపై 2021లో వచ్చిన నివేదిక, పరిశీలించిన 18 సంస్థల్లో దాదాపు 9,000 మంది పిల్లలు చనిపోయారని తేల్చింది. ఆ విచారణలో సుమారు 550 మంది చెప్పుకున్న మాటల రికార్డులు చెరిపేశారన్న సంగతి బయటికొచ్చి గగ్గోలు పుట్టింది. చివరికి బ్యాకప్ టేపుల నుంచి వాటిని తిరిగి రాబట్టారు. పిల్లల మాటను ఆనాడే విని భద్రపరిచే అలవాటు లేకపోతే ఏం జరుగుతుందో ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. నేను కోరే సంగ్రహాలయంలో బొమ్మే లేకుండా పెరిగిన పిల్లకు కూడా చోటుండాలి. ఆమె మాట గాజు అద్దాల వెనక బొమ్మరిల్లు పక్కనే వినిపించాలి. అలా కాని మ్యూజియం నాకూ వద్దు.

ఇళ్లు లేక వేల మంది పిల్లలు అత్యవసర వసతుల్లో గడుపుతున్న దేశంలో ఈ ఖర్చెందుకని అడిగేవారి బాధ నిజమైనది. అయితే 1937 నాటి ఐర్లండ్ నేటికంటే ఎంతో పేదది. ఆ పథకానికి కావలసింది నోటుపుస్తకాలు, టీచర్ల ఓపిక, ఒక కార్యాలయం. పైగా హోటల్ గదిలో పెరుగుతున్న పిల్లవాడు ఏం ఆడుతున్నాడో, ఎక్కడ ఆడుతున్నాడో అతడే రాస్తే, ఆ కాగితం ఇళ్ల కోసం పోరాడేవారికీ ఆధారమవుతుంది. పిల్లల ఆట హక్కును గుర్తించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందాన్ని ఐర్లండ్ 1992లోనే ఆమోదించింది. ఆటకు చోటుందో లేదో తెలియాలంటే పిల్లలనే అడగాలి. గోప్యత మాత్రం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. ఆనాటి పిల్లల పేర్లూ ఊళ్లూ ఇప్పుడు ఎవరికైనా కనిపిస్తున్నాయి. కొత్త పథకంలో పేర్లు మూసి ఉంచాలి. పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండాక తమ రాతను వెనక్కి తీసుకునే హక్కును చట్టంలోనే రాయాలి.

ఇందులో మనకేం పని అనుకోవద్దు. 2022 జనగణన ప్రకారం ఇక్కడి భారత పౌరులే 45 వేల దాకా ఉన్నారు. డబ్లిన్‌లో హర్లింగ్ ఆట నేర్చుకుంటూ ఇంట్లో బొమ్మలకొలువు పెట్టే పిల్లది కూడా ఐరిష్ బాల్యమే. ఈ తరం రాయకపోతే, 1937లో డబ్లిన్ పిల్లలు జాబితాలో లేకుండా పోయినట్టే మన పిల్లలూ లేకుండా పోతారు. కాబట్టి మీ బడి పేరెంట్స్ అసోసియేషన్ సమావేశంలో ఈ విషయం ఎత్తండి. మీ నియోజకవర్గపు టీడీకి, అంటే పార్లమెంటు సభ్యునికి, ఉత్తరం రాసి మూడు సంగతులు అడగండి. నగరాలనూ, ఉత్తరాది బడులు ఒప్పుకుంటే వాటినీ, ఐరిష్ ట్రావెలర్ కుటుంబాలనూ, వలస వచ్చినవారినీ కలుపుకుని రెండో పాఠశాలల సేకరణ జరపాలి. ఏ భాషలో రాసినా, తెలుగులో రాసినా, అంగీకరించాలి. మొదటి సేకరణకు నూరేళ్లు నిండే 2037 నాటికి ఆ రాతలూ బొమ్మలూ ఒకే కప్పు కింద చేరేలా ఇప్పుడే బడ్జెట్టులో నిధి చూపించాలి.