జీవలోకం: జెర్రి ఏమి తింటుంది?

వెయ్యికాళ్ల జెర్రి అని లోకవాడుక. శతపాది అని శాస్త్రగ్రంథాలు పెట్టిన పేరు. జెర్రికి వెయ్యి కాళ్లూ లేవు, సరిగా నూరు కాళ్లూ లేవు. పెరిగిన జెర్రికి నడిచే కాళ్ల జతలు ఎప్పుడూ బేసిసంఖ్యలోనే ఉంటాయి. జాతిని బట్టి అవి 15 మొదలు 191 వరకు ఉండవచ్చు. అయితే దాని జీవయాత్రను సాగించేది వీటన్నిటికీ ముందున్న మరొక జత. తల కింద పట్టుకారు వలె వంగి, మొనలలో విషం దాల్చిన ఆ కోరలు కూడా పుట్టుకచేత కాళ్లే. జెర్రి కరిచిందని మనం అనుకునేది నిజానికి కాళ్లతో పొడవడం!

ఈ కోరలకు చిక్కే ఆహారం జెర్రి నివాసాన్ని బట్టి మారుతుంది. రాళ్ల కిందా, రాలిన ఆకుల నడుమా తిరిగే లిథోబియస్ జాతుల జెర్రులు చురుకుగా పరుగెత్తి చిన్న పురుగులను, ఈగల డింభకాలను, సాలీళ్లను పడతాయి. మట్టి లోలోపల బతికే జియోఫిలస్ తెగవి దారంలా సన్నవి. వాటికి కళ్లే లేవు. వానపాము వలె శరీరాన్ని కుదించి, సాచి, మట్టి సందులలోకి దూరుతాయి. మీసాలతో తడిమి ఎర జాడ పడతాయి. వానపాములు, పురుగుల డింభకాలు వాటికి ముఖ్యాహారం. నోరు మిక్కిలి చిన్నది గనుక, ఎరను విషంతో లొంగదీసి, దాని మెత్తని భాగాలను, రసాలను గ్రహిస్తాయి.

వాయవ్య ఐరోపా సముద్రతీరాలలో గులకరాళ్ల మధ్య నివసించే స్ట్రిగామియా మారిటిమా అనే జెర్రి భోజనం మరీ విచిత్రం. సముద్రపు నత్తలు, రాళ్లకు అంటుకుని జీవించే చిన్న గుల్లప్రాణులు కూడా దానికి ఆహారమే. ఒకే ఎర చుట్టూ అనేక జెర్రులు చేరి తినడం కూడా పరిశీలకులు గమనించారు. 2014లో ఈ జీవి జన్యుపటాన్ని ప్రకటించినప్పుడు, వెలుగును గుర్తించే సుపరిచిత జన్యువులు అందులో కనబడలేదు. చీకటిలో స్పర్శతో, వాసనతో బతికేవానికి కంటి సామగ్రితో పనేమి?

జెర్రి కేవలం మాంసాహారి అనే నమ్మకానికి కూడా కొంత సవరణ అవసరమయింది. ఇంగ్లండులోని యార్క్‌షైర్ అడవిలో రెండు లిథోబియస్ జాతులను పరిశీలించి, జె. జి. ఇ. లూయిస్ 1965లో ప్రకటించిన అధ్యయనంలో, వాటి పేగులలో ఆకుచెత్త తునకలు కూడా కనిపించాయి. తరువాతి కాలంలో పేగులలోని డి.ఎన్.ఏ.ను పరీక్షించే పద్ధతి వచ్చింది. అప్పటి నుంచి, నమిలి రసమైపోయిన ఎర ఆనవాలు కూడా దొరుకుతున్నది.

ఇంతటి వేటగాడికి ఒక గొప్ప బలహీనత ఉంది. కీటకాలకు ఉండే మైనపు పూత దాని చర్మానికి సరిగా లేదు. ఎండ తగిలితే ఒంట్లోని నీరు త్వరగా ఆవిరవుతుంది. అందుకే పగలు చెమ్మలో దాగి, రాత్రి వేటాడుతుంది. మనదేశంలో సాధారణంగా కనిపించే పెద్దజెర్రి స్కోలోపెండ్రాకు కూడా ఇదే నియమం. దీని శరీరనిర్మాణాన్ని బి. ఎస్. జంగి 1966లో ఒక ప్రత్యేక గ్రంథంగా వివరించారు. దాని పోటు బాధాకరం గనుక జాగ్రత్త తప్పదు.

ఇంతకూ జెర్రి రైతుకు మిత్రమా, శత్రువా? వేళ్లను కొరికే డింభకాన్ని తిన్ననాడు మిత్రం; పొలానికి మేలుచేసే వానపామును తిన్ననాడు శత్రువు. నేలకు ఈ లెక్క పట్టదు. ఎర, వేటగాడు ఒకదానినొకటి అదుపులో ఉంచుకోవడమే అక్కడి న్యాయం. మట్టిలో విచక్షణ లేకుండా చల్లిన పురుగుమందు ఇద్దరినీ చంపుతుంది. కాని తిరిగి పుంజుకోవడంలో ఇద్దరూ సమానులు కారు. చిన్న పురుగులు త్వరగా తామరతంపరగా పెరుగుతాయి; కొన్నేళ్లు బతికి, నెమ్మదిగా ఎదిగే జెర్రి వెనుకబడుతుంది. రాయి ఎత్తగానే పారిపోయే ఆ జీవిని చూసి చెప్పు చేతికి తీసుకునే ముందు, ఇంటిలోకి వచ్చిన జెర్రి వేరు, తన ఇంటిలో ఉన్న జెర్రి వేరు అని తలచుకోవడం మంచిది.