బిల్జ్ పంపు పెట్టించేస్తే చిల్లు పూడుతుందా?

పాత జెట్ స్కీలో నీళ్ళు చేరుతున్నాయని ఎవరితో అన్నా వచ్చే మొదటి సలహా ఒకటే: "ఓ బిల్జ్ పంపు పడేయ్, అయిపోతుంది." అంటే అడుగున చేరిన నీటిని బయటికి తోడిపోసే చిన్న కరెంటు మోటారు అన్నమాట. నాకీ సలహా వింటే ఒళ్ళు మండుతుంది. మెమరీ లీకయ్యే ప్రోగ్రాముని సరిచెయ్యకుండా, రోజూ రాత్రి రెండింటికి సర్వర్ దానంతటదే రీస్టార్టయ్యేలా పెట్టేసి చేతులు దులుపుకునే మహానుభావులు గుర్తొస్తారు. సర్వర్ పడిపోతే నాలుగు తిట్లతో పోతుంది. లేక్ లేనియర్ మధ్యలో బండి ఆగిపోతే కథ వేరు.

(జెట్ స్కీ అన్నది నిజానికి కవాసాకీ వాళ్ళు పెట్టుకున్న పేరు. జిరాక్స్ లాగే అన్నిటికీ వాడేస్తున్నాం. మాది 1997 సీ-డూ, ముగ్గురం వాటాలేసుకుని కొన్నాం. అట్లాంటా చుట్టుపక్కల ఎండాకాలం శనివారాల్లో ఇంతకన్నా మంచి కాలక్షేపం నాకు తెలీదు లెండి.)

కొన్న మొదటి నెలలోనే అది కడుపునిండా నీళ్ళు తాగి ఆగిపోయింది. షాపుకి తీసుకెళ్తే ప్లగ్గులన్నా విప్పి చూడకుండానే "ఇంజను మార్చాలి, బిల్జ్ పంపు కూడా పెడతాం" అన్నారు. చెప్పిన రేటు మేం బండికి పెట్టిన డబ్బుకన్నా ఎక్కువ. సరే, అసలు నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి అనడిగితే "పాత బండి కదా, వస్తాయి" అన్నారు. ఇదేం జవాబు? బండంతా పాతదే, కానీ కారేది అందులో ఏదో ఒకచోటే కదా. అది పట్టుకోకుండా కొత్త ఇంజను పెడితే అది కూడా అదే నీళ్ళు తాగుతుంది.

పట్టుకోవటం బ్రహ్మవిద్య కాదు. తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న: బండి ఊరికే తేలుతున్నప్పుడు కూడా నీళ్ళొస్తున్నాయా, లేక ఇంజను నడిచేటప్పుడేనా? ట్రైలర్‌కి కట్టి ఉంచే రాంప్ మీద వెనక్కి నీళ్ళలోకి దింపి, సీటు తీసి, టార్చిలైటు వేసుకుని ఓ అరగంట చూస్తే సరి. ఇంజను ఆపి ఉన్నా నీళ్ళూరుతుంటే వెనకున్న డ్రెయిన్ ప్లగ్గులు, పంపు దగ్గరి సీళ్ళు, షాఫ్టు లోపలికొచ్చే చోటు చూడాలి. ఊరకపోతే అనుమానం కూలింగ్, ఎగ్జాస్టు గొట్టాల మీదికి మళ్ళుతుంది. ఎందుకంటే ఇంజనుని చల్లబరిచే నీటిని తోసేది జెట్ పంపే, ఇంజను ఆగితే ఆ ఒత్తిడే ఉండదు. ఈ ఒక్క ప్రశ్నతో సగం బండిని లెక్కలోంచి తీసేయొచ్చు.

ఇంకో తమాషా దొంగ ఉంది. సీ-డూల్లో బండి ముందుకి పోతున్నప్పుడు అడుగు నీళ్ళని బయటికి పీల్చేసే సన్నటి సైఫన్ గొట్టాలుంటాయి. వాటి పై వంపులో గాలి దూరటానికి చిన్న బెజ్జం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే, బండి ఆగినప్పుడు అదే గొట్టం సరస్సుని లోపలికి పీలుస్తుంది! తోడిపోయటానికి పెట్టిందే ముంచుతుందన్నమాట.

మా బండిలో దొరికింది మాత్రం కార్బన్ సీలు. షాఫ్టుతోపాటు తిరిగే స్టీలు రింగుకి, తిరగని కార్బన్ రింగుని మడతల రబ్బరు తొడుగు ఒకటి స్ప్రింగులా అదిమి పెడుతుంది. ఆ ఒత్తిడి మీదే నీళ్ళు ఆగుతాయి. ఏళ్ళు గడిచేసరికి రబ్బరు బిరుసెక్కి అదమటం మానేస్తుంది. దీనికి ఇంకో లక్షణం కూడా ఉంది. ఆ సందులోంచి గాలి పంపులోకి పోయి, ఇంజను గోల పెడుతున్నా బండి ముందుకి లాగదు. మాకు అంతకుముందు రెండు వారాలుగా అలాగే ఉంది. షాపులో ఆ మాటా చెప్పాం, ఎవరూ చెవిన పెట్టలేదు.

ఇక తడిసిన ఇంజను సంగతి. ఇది టూ స్ట్రోక్, బేరింగులు పెట్రోలు, ఆయిలు కలిసిన ఆవిరితోనే తడుస్తుంటాయి. నీళ్ళు పడి అలా వదిలేస్తే తుప్పు పట్టేస్తుంది, కాబట్టి గంటలే లెక్క, వారాలు కాదు. సిలిండర్లో నీళ్ళుండగా ప్లగ్గులు తియ్యకుండా స్టార్టు కొడితే, నీరు నొక్కుకోదు గనక కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఆ సాయంత్రమే బండిని ఇంటికి తెచ్చేసి ప్లగ్గులు విప్పాం. నిప్పురవ్వ పెట్రోలు ఆవిరికి అంటుకోకుండా ప్లగ్ వైర్లని వాటికోసమే ఉన్న పిన్నులకి తగిలించి, నీళ్ళు చిమ్మటం ఆగేదాకా స్టార్టరుతో తిప్పాం. తర్వాత సిలిండర్లలోకి ఆయిలు కొట్టి, కొత్త ప్లగ్గులతో నడిపి ఆరబెట్టాం. గార్డెన్ పైపుతో చల్లబరుస్తూ నడిపేటప్పుడు ఒక వరస ఉంది: ముందు ఇంజను, తర్వాత కుళాయి. ఆపేటప్పుడు ముందు కుళాయి, తర్వాత ఇంజను. తిరగేస్తే ఎగ్జాస్టు గుండా నీళ్ళు మళ్ళీ ఇంజనులోకే పోతాయి.

ఇంజను బతికింది. రబ్బరు తొడుగు, కార్బన్ రింగు, రెండు ఓ-రింగులు మార్చి మళ్ళీ రాంప్ మీద అరగంట చూశాం, అడుగు పొడిగానే ఉంది.

ఇంత తిట్టి చెబుతున్నా, బిల్జ్ పంపు ఇప్పుడు మాకూ ఉంది. చిల్లు పూడ్చాకే పెట్టుకున్నాం. అది నడిచేది ఇంజను స్టార్టు కావటానికి కావలసిన ఆ చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీదే మరి. ఎవరికీ తెలీకుండా గంటల తరబడి తోడుతూ పోతే, చివరికి నీళ్ళు లోపలే ఉంటాయి, స్టార్టూ కాదు. అందుకే పంపు తిరిగినప్పుడల్లా వెలిగేలా హ్యాండిల్ దగ్గర ఎర్రలైటు ఒకటి బిగించాం. అది వెలిగితే ఎవరు నడుపుతున్నా నేరుగా ఒడ్డుకి రావాలని ముగ్గురి మధ్యా ఒప్పందం.