మైకు కొనే ముందు మన అక్షరాలను అడగండి

గంజాం జిల్లాలో తెలుగు చెప్పే ఉపాధ్యాయులకూ, ఇంట్లో పిల్లలకు తెలుగు నేర్పుకుంటున్న తల్లిదండ్రులకూ ఒక విన్నపం. పాఠాలను ఇంటి కంప్యూటరులో రికార్డు చేసి పిల్లలకు వినిపించాలన్న ఉత్సాహం మీలో చాలామందికి ఉన్నది. సంతోషం. అయితే ఆ ఉత్సాహం తిన్నగా అంగడికి దారి తీస్తున్నది. ఏ మైకు గొప్పది, ఎన్ని వేలు పెట్టాలి అన్న మాట ముందు వస్తున్నది. ఆ మాట అంగడివానిని అడగడానికి ముందు మన అక్షరాలను అడగమని నా మనవి.

కారణం చెబుతాను. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుండి విడివడి కొత్త ఒడిశా రాష్ట్రంలో చేరింది. ఆనాటి నుండి బరంపురం తెలుగు పిల్లల చెవి ఒడియా మధ్యనే పెరుగుతున్నది. ఇందులో ఒడియాను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ణ, ళ లను ఒడియా చక్కగా నిలుపుకున్నది. ఆ రెండు అక్షరాల విషయంలో మన పిల్లల నోటికి అది మేలే చేసింది. చిక్కంతా అచ్చులతోనే. ఒడియా లిపిలో ఇ, ఈ లు వేరువేరుగా ఉన్నా పలుకుబడిలో ఆ తేడా నిలవలేదు. ఎ, ఏ లకూ, ఒ, ఓ లకూ మనకున్న భేదం ఆ భాషలో అసలు లేదు. మనకేమో ‘నెల’ వేరు, ‘నేల’ వేరు. ‘మెడ’ వేరు, ‘మేడ’ వేరు. బడిలో ఒడియా, వీధిలో ఒడియా వినే పిల్లవానికి ఈ హ్రస్వదీర్ఘాలను చెవికెక్కించడమే మన రికార్డింగుల మొదటి పని. కథలూ పద్యాలూ ఆ తరువాత.

ఇప్పుడు మన గదుల సంగతి చూడండి. సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద నున్నని టైల్సు. అటువంటి గదిలో ‘నెల’ అని పలికితే ఎకారం నోటిలో ముగిసినా గోడల మధ్య ముగియదు. ప్రతిధ్వని దానికి తోక కడుతుంది. మైకుకు మూడడుగుల దూరాన కూర్చుని చదివితే ఆ తోక కూడా రికార్డులోకి వస్తుంది, హ్రస్వం సగం దీర్ఘమై కూర్చుంటుంది. తెలుగు బాగా వచ్చినవారు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. నేర్చుకునే పిల్లవానికి ఆ ఆధారం ఎక్కడిది? పది వేల రూపాయల మైకు పెట్టినా ఈ దోషం పోదు. సున్నితమైన మైకయితే గది మోతనూ, వీధిలోని ఆటోనూ, పక్కింటి కుక్కరు ఈలనూ మరింత శ్రద్ధగా పట్టుకుంటుంది.

కావున మొదటి ఖర్చు బొంతలకు పెట్టండి. అవి ఇంట్లో ఉన్నవే గనుక ఖర్చే లేదు. చదివేవారి వెనుక ఒకటి, ఎదుట ఒకటి దండెం మీద వేలాడదీయండి. బట్టల బీరువా తలుపులు తెరిచి, లోపలి బట్టల వైపు ముఖం పెట్టి చదివినా మంచిదే. చూసేవారు నవ్వవచ్చు, నవ్వనివ్వండి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. తిన్నగా ఎదురుగా పెడితే ప, ఫ, భ లు పలికినప్పుడు ఊపిరి తగిలి ‘ఢబ్’ మంటుంది. ఎంబ్రాయిడరీ రింగుకు పలుచని పాత నూలు గుడ్డ బిగించి మైకుకు ముందు నిలిపితే ఆ దెబ్బ తగ్గుతుంది. గుడ్డ గుండా గాలి ఆడాలి సుమా. చేతిలో ఉన్నది గదా అని బరంపురం పట్టు తెచ్చి బిగించకండి.

రెండవ శత్రువు కంప్యూటరు లోపలే ఉన్నది. కంప్యూటర్లూ ఫోన్లూ చప్పుడు తగ్గిస్తామంటూ తమంతట తామే ధ్వనిని కత్తిరిస్తాయి. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉండడం మన సొగసు. ‘పాలు’, ‘ఊరు’ వంటి మాటల చివరి ఉకారం బలహీనంగా పలుకుతుంది. యంత్రం దానిని చప్పుడనుకుని కోసేస్తే మిగిలేది ‘పాల్’, ‘ఊర్’. సెట్టింగులలో నాయిస్ సప్రెషన్, ఎన్‌హాన్స్‌మెంట్స్ అనేవి కనిపిస్తే ఆపివేయండి. చప్పుడును మీరే తగ్గించండి: ఫ్యాను కట్టివేయండి, కిటికీ మూయండి. ల్యాప్‌టాపు అయితే చార్జరు తీసి బ్యాటరీ మీద నడపండి. సన్నని కరెంటు గుయ్యి చాలాసార్లు దానితోనే పోతుంది.

మూడవది, చెవిలో పెట్టుకునే బ్లూటూత్ పరికరాలు. పాటలు వినడానికి బాగుంటాయి, పాఠం రికార్డు చేయడానికి పనికిరావు. వాటి మైకు పనిచేసేటప్పుడు చాలావాటిలో ధ్వనిని సెకనుకు 8,000 లేక 16,000 సార్లు మాత్రమే కొలుస్తారు. 8,000 సార్లు కొలిస్తే 4,000 హెర్ట్‌జులకు పైనున్నదంతా పోతుంది. సకారపు బలం ఎక్కువగా ఉండేది ఆ పైభాగంలోనే. ఒడియా పలుకుబడిలో శ, ష, స మూడూ దాదాపు సకారంగానే వినిపిస్తాయి గనుక ఆ భేదం మన పిల్లలకు ముందే కష్టం. యంత్రం కూడా దానిని చెరిపివేస్తే ఇక చెప్పేదేమున్నది? (మన వాడుక తెలుగులో మాత్రం ఆ భేదం ఎంత మిగిలిందన్నది వేరే తగవు.)

ఇక కొనవలసినది. తీగ ఉన్న కాలరు మైకు ఒకటి చాలు, వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. ఫోను కోసం చేసిన మైకు పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉంటాయి. డెస్క్‌టాపు వెనుకనున్న గులాబీరంగు రంధ్రం రెండు గీతల పిన్నుకు చేసినది. నేరుగా గుచ్చితే పలకకపోవచ్చు. దానికి తగిన అడాప్టరు అడగండి, లేదా చిన్న యూఎస్‌బీ సౌండు కార్డు తీసుకోండి. సభలలో వాడే పెద్ద మైకు ఇంట్లో ఉన్నదని పిన్ను మార్చి ఆ రంధ్రంలోనే పెట్టేవారున్నారు. ధ్వని మరీ సన్నగా వచ్చి, పెంచితే బుసబుస మిగులుతుంది. స్టూడియో కండెన్సరు మైకులలో చాలావాటికి 48 వోల్టుల విద్యుత్తు అందించే మరొక పెట్టె కావాలి. అంత దూరం మనం పోనక్కరలేదు. 2000లో తొలిసారి వెలువడిన ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. అందులో మోనో, 44,100, 16 బిట్లు అని పెట్టుకోండి. వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 5 మెగాబైట్లు అవుతుంది. దానిని దాచి, పిల్లలకు ఎంపీ3 ప్రతి పంపండి.

పరీక్ష ఇలా చేయండి. నెల, నేల, మెడ, మేడ, పాలు, పాల, శంక, సంక అనే మాటలను వరుస మార్చి చదివి రికార్డు చేయండి. తెలుగు బాగా వచ్చిన ఒక పెద్దవారిని, కాగితం చూపకుండా, విని వ్రాయమనండి. పిల్లలకు ఈ పరీక్ష పెట్టవద్దు. వారి చెవికి ఈ భేదం ఇంకా పట్టుబడలేదు గదా. ఆ పెద్దవారు తప్పు వ్రాస్తే మైకును దగ్గరకు జరిపి, ఇంకొక బొంత కట్టండి.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోటి మాట విని, ఆ ధ్వనులకు గుర్తులు పెట్టి, 1931లో సవర భాషా వివరణ గ్రంథాన్నీ 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువునూ వెలువరించారు. పర్లాకిమిడి 1992 నుండి గజపతి జిల్లాలో ఉన్నా ఆయన మన పాత గంజాం మనిషే. చెవికి అంత విలువ ఇచ్చిన చోటున మనం పెట్టె ధరకు విలువ కట్టడం నాకు నచ్చదు. మాతృభాషలో ప్రాథమిక బోధనకు తగిన సదుపాయాల కోసం ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఏ అధికరణం చెబుతున్నది. ఆ సదుపాయాలలో మైకు కూడా చేరేదాకా మనం ఆగనక్కరలేదు.

చదివేవారు ఎవరన్నది చివరి మాట. హైదరాబాదు వార్తల గొంతును అనుకరించవద్దు. మీ ఇంట్లో అమ్మమ్మగారు ఉంటే ఆవిడచేత చెప్పించండి. ఆవిడ బరంపురం యాసను దిద్దకండి. నెమ్మదిగా చదవండని మాత్రం ఆవిడకు చెప్పకండి. నెమ్మదిగా చదివేవారు హ్రస్వాలను సాగదీస్తారు, అప్పుడు బొంతలు కట్టిన శ్రమంతా వృథా.