శస్త్రవైద్యుని తొలి పాఠము

ముదిగుబ్బకు చేరువనున్న ధర్మవరమున పట్టుచీర నేయువాడు పోగు తప్పినచో ఊడదీసి మరల నేయవచ్చును. మెదడునకు శస్త్రచికిత్స చేయు వైద్యునకు అట్టి వీలు లేదు. అచట వెంట్రుకవాసి తప్పినను రోగికి మాటయో, చూపో, నడకయో పోవచ్చును. మరి నేర్చుకొనువాడు తన తొలి తప్పులను ఎచట చేయవలెను? మనుష్యునిపైనా, బొమ్మపైనా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ప్రాచీన భారత వైద్యుడగు సుశ్రుతుడు శిష్యులకు కోతను బూడిదగుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై నేర్పవలెననెను. కట్టు కట్టుటకు మనుష్యాకృతి గల బొమ్మను చెప్పెను. శాస్త్రమెంత చదివినను, అభ్యాసము లేనివాడు చికిత్సకు తగడని ఆయన మతము.

నేడు ఆ బొమ్మ రూపము మారినది. 1971లో లండనునందు తొలిసారిగా ఒక రోగి తలను కోయకయే, సి.టి. యంత్రముతో మెదడును పొరలు పొరలుగా చిత్రించిరి. అట్టి చిత్రములను కంప్యూటరు కూర్చి రూపము కల్పించును. త్రీడీ ముద్రణయంత్రము ప్లాస్టిక్కు మొదలగు పదార్థములను పొరపై పొరగా పేర్చి ఆ రూపమును చేతికందించును. పుర్రెను గట్టిగను, మెదడును మెత్తగను, కణితిని వేరుగను చేయవచ్చును.

నేటి మెదడు శస్త్రచికిత్సలు పెక్కింటిలో పరికరపు కొన ఎచట నున్నదో తెరపై కానవచ్చును. తెరను చూచుచు చేతిని నడపుట కష్టమైన విద్య. విద్యార్థి బొమ్మపై పదిమార్లు సాధన చేసి, గురి ఎన్ని మిల్లీమీటర్లు తప్పినదో కొలిచి చూచుకొనవచ్చును.

బొమ్మకు నెత్తురు రాదు గదా యని కొందరందురు. నిజమే. అంతేకాదు, పుర్రె తెరచిన పిదప నిజమైన మెదడు కొంత జరుగును. ముందు తీసిన చిత్రము దానితో సరిపోదు. సామాన్యమైన బొమ్మ ఆ పాఠము చెప్పజాలదు. కావున బొమ్మ గురువునకు బదులు కాదు; గురువు ప్రక్కన నిలిచి చేయించు చికిత్సకు తొలిమెట్టు మాత్రమే. ఖర్చు అధికమనువారును కలరు. ఆ ఖర్చును ఒక ప్రాణముతో తూచి చూడవలెను.

ముదిగుబ్బ వేరుసెనగ రైతు మెదడులో కణితి కలదని తెలిసి బెంగుళూరునకు పోయినచో, కత్తి పట్టు వైద్యుడెంత అభ్యాసము చేసినవాడో అడుగజాలడు. పేదవాని శరీరము నేర్చుకొనువానికి పలక కారాదు. అడుగలేనివాని పక్షమున ఆ ప్రశ్నను వైద్య విద్యాలయములే వేసికొనవలెను. బొమ్మపై చేయి కుదిరిన పిదపనే కత్తి మనుష్యుని తాకుట న్యాయము.