బోగీ అంటే పెట్టె కాదా!

బోగోలు అంటే 'ఎక్కడుంది?' అంటారు. బిట్రగుంట అంటే మాత్రం 'ఓ... రైల్వేస్టేషనా!' అంటారు. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే దారిలో కావలి దాటాక తగిలే ఆ స్టేషను ఉన్నది బోగోలులోనే. ఏళ్ల తరబడి దాని మీదుగా రైల్లో తిరిగినవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసిన రోజున 'అవునా!' అని కాస్త సిగ్గుపడతారు.

ఇది అలాంటి 'అవునా'ల కథ.

ఆ ఊళ్లో ఓ కుర్రాడు. ఇరవైనాలుగేళ్లు. రైల్వే ఉద్యోగం కోసం పరీక్షలకు చదువుతున్నాడు. వాళ్ల తాతది బిట్రగుంట లోకోషెడ్డులో ఫిట్టరు ఉద్యోగం. బొగ్గు ఇంజన్ల కాలంనాటి మనిషి. ఇప్పుడు ఎనభై దాటాయి. ఓ రాత్రి మనవడు పుస్తకంలోంచి తలెత్తి అడిగాడు.

'తాతా, బోగీ అంటే రైలు పెట్టె కాదంట గదా?'

'కాదు గదరా. కింద చక్రాలు బిగించే చట్రం అది. ముందొకటి, వెనకొకటి. రెంటి మీదా పెట్టె కూర్చుంటాది.'

'మరి ఇన్నేళ్లూ చెప్పలేదేంది?'

'నువ్వడగలేదు గదబ్బయా!'

నిజమే. రైల్వే ఊళ్లో పుట్టి, రైలు కూతలు వింటూ పెరిగి, షెడ్డు ఫిట్టరు పక్కనే అన్నం తిని... బోగీ అంటే ఏంటో ఇరవైనాలుగేళ్లకు పుస్తకంలో చదివి తెలుసుకున్నాడు. తెలియదని తెలిస్తే కదా అడిగేది! ఎప్పట్నుంచో నోట్లో నానుతున్న మాట. దానికి అర్థం ఉందో లేదో అన్న అనుమానమే రాదు.

ఆ మాటకొస్తే రైలు అన్నదీ అంతే. ఇంగ్లిషులో రైలంటే పట్టా. మనకు మాత్రం ఆ పట్టాల మీద పరిగెత్తే బండి. అర్థాన్ని పట్టాల మీంచి బండిలోకి ఎక్కించేశాం. అందులో తప్పేం లేదు, తెలుగులో అది తెలుగు మాటే. ఇంగ్లిషులో మాట్లాడేటప్పుడు 'నేను రైల్లో వచ్చాను' అనబోతేనే చిక్కు.

మరి ఫిష్‌ప్లేట్ సంగతి? రైలు ప్రమాదాల వార్తల్లో 'దుండగులు ఫిష్‌ప్లేట్లు తొలగించారు' అని ఎన్నిసార్లు చదివి ఉంటారు! ఓసారి ఇంట్లోవాళ్లను అడిగి చూడండి. చేపకూ పట్టాకూ ఏం సంబంధం? ఏమీ లేదు. పక్కపక్కనే ఉన్న రెండు పట్టాల కొసలను కలుపుతూ, చెరోపక్కా ఇనుప పలక పెట్టి బోల్టులు బిగిస్తారు. ఆ పలకే ఫిష్‌ప్లేటు. బీటలిచ్చిన తెరచాప కొయ్యకు దన్నుగా కట్టే చెక్కను ఇంగ్లిషు నావికులు 'ఫిష్' అనేవారు. ఆ పేరు ఓడ దిగి పట్టాలెక్కింది. జువ్వలదిన్నె లాంటి చేపల రేవున్న మండలంలో, ఆ పలక మీద చేప బొమ్మ ఉంటుందని ఏ పిల్లాడైనా అనుకుంటే వాడి తప్పేముంది?

స్టేషను పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సన్న అక్షరాల్లో ఓ అంకె ఉంటుంది చూశారా? అది దూరం కాదు. సముద్ర మట్టానికి ఆ స్టేషను ఎంత ఎత్తులో ఉందో చెప్పే లెక్క. బెజవాడ స్టేషనుకు 'బీజెడ్‌ఏ' అన్న కోడ్ ఎందుకో మాత్రం పాతకాలం వాళ్లకు చెప్పక్కర్లేదు. విజయవాడ అని మాత్రమే విన్న పిల్లలకు చెప్పాలి.

వంటింట్లోనూ ఇంతే

రైళ్ల గొడవ మనకెందుకులే అనుకుంటున్నారా? అయితే వంటింట్లోకి రండి. శొంఠి అంటే ఎండిన అల్లమేనని పెళ్లయిన పదేళ్లకు తెలుసుకున్న కోడళ్లు ఉన్నారు. ధనియాలు చల్లితే కొత్తిమీర మొలుస్తుందని కుండీలో మొలక చూసేదాకా నమ్మనివాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ రెండు పేర్లు పెట్టేశాం. చుట్టరికం ఎలా తెలుస్తుంది?

సగ్గుబియ్యం పేరులోనే బియ్యం ఉంది. కానీ అది గింజే కాదు. కర్రపెండలం దుంపను నూరి, పాలు తీసి, ఆ పిండిని గుళికలుగా చేస్తారు. సామర్లకోట, పెద్దాపురం వైపు వెళ్తే ఆ మిల్లులు కనిపిస్తాయి. ఇంగువ ఇంకో వింత. పులిహోరకు ప్రాణమైన ఆ ముక్క ఓ మొక్క వేరు నుంచి కారే పాలు గడ్డకట్టగా వచ్చేది. ఆ మొక్క మనది కాదు, ఇరాన్, అఫ్గానిస్థాన్ వైపుది. మన దేశంలో పండించాలన్న ప్రయత్నం హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో 2020లో మొదలైంది. అంతకుముందు వందల ఏళ్లుగా మన పోపుల పెట్టెలో ఉన్నది విదేశీ సరుకే!

ఇక వేరుశెనగ. పేరు చూసి వేరుకు కాస్తుందనుకుంటాం. నెల్లూరు తీరపు ఇసుక నేలల్లో సాగుచేసిన రైతునడగండి. పువ్వు నేల పైనే పూస్తుంది. తర్వాత దాన్నుంచి ఊడ కిందికి దిగి మట్టిలో దూరుతుంది. కాయ కట్టేది ఆ ఊడ కొసన. 'ఊడలు దిగాయి' అని రైతులు రోజూ అనే మాటలో ఉన్న విశేషం, పల్లీలు తినేవాళ్లకు చేరనేలేదు.

చెవి మాట... కంటి మాట

ఇవి తెలియకపోతే పోయేదేం లేదు, నవ్వుకుంటాం. మాటలు పలకడం దగ్గరికొస్తేనే మొహం ఎర్రబడుతుంది.

బిట్రగుంటలో ఒకప్పుడు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. డ్రైవర్లుగా, షెడ్డు ఉద్యోగులుగా పనిచేసేవారు. వాళ్ల పక్కన బొగ్గు ఎత్తినవాళ్లు, నట్లు బిగించినవాళ్లు ఇంగ్లిషును చెవితో పట్టుకున్నారు. స్పెల్లింగు రాదు, పలకడం వచ్చు. వాళ్ల పిల్లలు బడికెళ్లి ఇంగ్లిషును కంటితో చదివారు. స్పెల్లింగు వచ్చు, పలకడమే... సందేహం!

ఒక్క మాట చాలు. డిపో. దాని స్పెల్లింగు చివర 'టి' ఉంది. అయినా రాష్ట్రంలో ఎవరూ 'డిపాట్' అనరు. సంతకం రాని అవ్వ కూడా 'బస్సు డిపో కాడ దించు నాయనా' అంటుంది. ఎందుకంటే ఆ మాట మనకు చెవిలోంచి వచ్చింది. సరిగ్గా అలాగే చివర 'టి' ఉన్న ఇంకో మాట, బఫే. ఇది హోటలు బోర్డుల మీంచి, పెళ్లి పిలుపుల మీంచి కంటితో వచ్చింది. అందుకే 'బఫెట్' అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

తెలుగు చదివినవాడికి ఉన్న నమ్మకం ఒక్కటే. రాసిన ప్రతి అక్షరం నోరు విప్పుతుందని. ఆ నమ్మకంతో ఇంగ్లిషు పుస్తకం తెరిస్తే 'వెడ్నెస్‌డే' కాక ఇంకేం వస్తుంది? అప్పును 'డెట్' అనాలని తెలిసేలోపు ఎన్ని 'డెబ్ట్'లు! ప్లమరు 'ప్లంబరు' అవుతాడు. ద్వీపం 'ఇస్లాండ్' అవుతుంది. 'కల్నల్' అని విన్న మాట, 'కొలొనెల్' అని చదివిన మాట ఒక్కటేనని ఎన్నేళ్లకో తెలుస్తుంది.

అసలు చిక్కు పెట్టింది ఎవరు? ఇంగ్లిషువాళ్లే. అప్పు అనే మాటలో వాళ్లు ఏనాడూ 'బి' పలకలేదు. దాని మూలం లాటిన్‌లో ఉందని చూపించుకోవాలన్న మోజుతో కొన్ని వందల ఏళ్ల కిందట పండితులు ఆ అక్షరాన్ని మధ్యలో ఇరికించారు. రిసీట్‌లో 'పి' కూడా అలా చొరబడిందే. ద్వీపం మాటలో 'ఎస్' అయితే ఉత్త పొరపాటు. సంబంధంలేని లాటిన్ మాటకు చుట్టరికం కలిపారు. వాళ్ల పండితుల పొరపాటుకు మన పిల్లలు క్లాసులో నవ్వులపాలవుతున్నారు!

అన్నట్టు రిసీట్ అంటే గుర్తొచ్చే మాట, రశీదు. రిసీట్‌నే మనవాళ్లు రశీదు చేశారని చదువుకున్నవాళ్లూ అనుకుంటారు. కాదు. అది పారశీకం నుంచి వచ్చింది. 'చేరింది' అని అర్థం. బొత్తామూ అంతే. ఇంగ్లిషు బటన్‌కు వంకర రూపం కాదు, పోర్చుగీసు నుంచి దిగింది. మేస్త్రీ, అనాస కూడా ఆ ఓడలోంచి దిగినవే.

మన తెలుగు మాత్రం రాసినట్టే పలుకుతుందని గర్వపడేలోపు, 'బ్రహ్మ' అని ఒకసారి బయటికి అనండి. రాతలో 'హ' ముందు, 'మ' తర్వాత. నోట్లో? ముందు పలికేది 'మ'నే. 'మధ్యాహ్నం', 'చిహ్నం' అన్నా అంతే. ఇప్పుడు 'చాప' అనండి, 'చేప' అనండి. నాలుక రెండుసార్లూ ఒకేచోట తగిలిందా? చాపలో 'చ' పళ్ల దగ్గర, చేపలో 'చ' ఇంకాస్త లోపల. తెలుగువాళ్లలో ఎక్కువమంది పుట్టి బుద్ధెరిగాక ఈ తేడాను ఒక్కసారి కూడా గమనించరు, కానీ తప్పు లేకుండా పలుకుతారు! చెవి మహిమ. ఈ తేడా చూపడానికి 'చ', 'జ'లకు వేరే గుర్తుల అవసరం 1852లో అచ్చయిన నిఘంటువులో సి.పి.బ్రౌన్‌కు కనబడింది. ఆ అక్షరాలు కంప్యూటర్ల యూనికోడ్‌లోకి వచ్చింది 2008లో.

పరాయి రాష్ట్రంవాళ్లు మన బోర్డులు చదివితే మనమూ నవ్వుతాం కదా. ఇంగ్లిషులో 'ట', 'త' రెంటికీ ఒకటే అక్షరం. 'బిత్రగుంత వచ్చిందా?' అని అడిగే ప్రయాణికుడిది కంటి పాపమే.

అడిగితే ఏమనుకుంటారో...

నవ్వు వల్ల ఒక నష్టం ఉంది. ఒక్కసారి నవ్వినందుకు ఆ పిల్ల మళ్లీ క్లాసులో చెయ్యెత్తదు. పెద్దయ్యాక బ్యాంకులో అడగదు, ఆసుపత్రిలో అడగదు. ఆసుపత్రిలో అడక్కపోతే మాత్రం 'పోయేదేం లేదు' అనడానికి లేదు.

ఓఆర్ఎస్ పొడి తీసుకోండి. నెల్లూరు ఎండల్లో, పిల్లల విరేచనాలప్పుడు ప్రతి ఇంట్లో కనిపించే పొట్లం. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. కలిపింది 24 గంటల్లో తాగెయ్యాలి, మిగిలితే పారబోయాలి. చిన్న పొట్లమైతే 200 మిల్లీలీటర్లకు. కొలత దాని మీదే రాసి ఉంటుంది. కానీ గ్లాసులో రెండు చెంచాలు వేసి, మిగతాది మడిచి డబ్బాలో దాచే తల్లులు ఎందరో! చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై పసిపిల్లలకు ప్రమాదం. పల్చగా కలిపితే పనిచెయ్యదు. 'ఎలా కలపాలండీ?' అని మందుల షాపులో అడగడానికి మొహమాటం. ఇది కూడా తెలీదా అనుకుంటారేమోనని.

బోగీ గురించి మనవడికి చెప్పిన తాత సంగతీ అదే. మోకాళ్ల నొప్పులని డాక్టరు దగ్గరికెళ్లాడు. చీటీలో మూడు మందులు. ఒకదాని ఎదురుగా ఓడీ. ఇంకోదాని ఎదురుగా బీడీ. నొప్పి బిళ్ల ఎదురుగా ఎస్ఓఎస్. తాతకు ఇంగ్లిషు అక్షరాలు వచ్చు. ఎస్ఓఎస్ అంటే ఏంటో కూడా తెలుసు! ఆపదలో ఓడలు వైర్‌లెస్‌లో పంపిన కేక. అంటే... అన్నిటికంటే అత్యవసరమైన బిళ్ల ఇదేనన్నమాట. మిగతావి మర్చిపోయినా ఇది మానకూడదు. మూడు పూటలా వేసుకున్నాడు. మూడు వారాలు.

పాదాలు వాచాయి. మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళితే, రక్తపరీక్ష చేసి కిడ్నీల మీద భారం పడుతోందన్నారు. 'నొప్పి ఉంటేనే వేసుకోమని రాశాను కదా' అని చీటీ చూపించారు. డాక్టర్ల చీటీలోని ఎస్ఓఎస్‌కు ఓడల కేకతో సంబంధం లేదు. 'అవసరమైతే' అనే లాటిన్ మాటలకు పొడి అక్షరాలు. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్ఎస్ అంటే పడుకునే ముందు.

'షాపులో అడిగుంటే చెప్పేవాళ్లు గదా తాతా' అన్నాడు మనవడు.

'ముప్పై ఏళ్లు రైల్వేలో చేసి ఎస్ఓఎస్ తెలవదా అని నవ్వరంటరా?'

బిళ్ల ఆపాక వాపు తగ్గింది. తర్వాతి నెల మందులకు తాత తనే వెళ్లాడు, మనవడు బండి మీద దించి పక్కన నిలబడ్డాడు. కౌంటరు మీద చీటీ పెట్టి, వేలు ఆనించి, లోకోషెడ్డులో ఇంజను చప్పుడు మీద మాట్లాడ్డం అలవాటైన గొంతుతో అడిగాడు.

'అబ్బయా, ఈ హెచ్ఎస్ అంటే పొణుకునే ముందే గదా? అన్నం తిన్నాకనా, తినకముందా? తెలుగులో రాసియ్యి.'

షాపు కుర్రాడు పెన్ను తీసి డబ్బా మీద రాయడం మొదలుపెట్టాడు. వెనక వరుసలో నిలబడ్డ ఒకావిడ సంచీలోంచి తన చీటీ పైకి తీసింది. ఆవిడ పక్కనున్నాయన కూడా జేబు తడుముకున్నాడు.