నీడన కూర్చున్న గంటకీ కూలి కట్టాలి



ఎండాకాలం వస్తే అధికారులు చెప్పే మాట ఒకటే: "మధ్యాహ్నం బయటికి రావద్దు, నీళ్లు ఎక్కువ తాగండి." మంచి మాటే. కానీ కొత్తపేట, రావులపాలెం వైపు ఇటుక బట్టీల్లో చేసే కూలీ ఈ మాట ఎలా పాటించాలి? ఏజెన్సీ నుంచీ, ఒడిశా నుంచీ వచ్చే మనవాళ్లకి బయటే పని, బయటే వంట, బట్టీ పక్కన పాకే ఇల్లు. పైన ఎండ, పక్కన బట్టీ సెగ.

కోనసీమ అనగానే కొబ్బరి చెట్లు, కాలవలు, చల్లదనం గుర్తొస్తాయి. కానీ ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గానీ ఆరదు. అది ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! అందుకే వాతావరణ శాఖ వడగాలుల లెక్కకి మైదానాల్లో 40 డిగ్రీలు పెట్టి, తీరప్రాంతానికి 37 పెట్టింది. "ఇక్కడ 38యే కదా" అనే మేస్త్రికి ఈ సంగతి చెప్పండి.

అసలు చిక్కు కూలి లెక్కలో ఉంది. బట్టీలో వెయ్యి ఇటుకలకి ఇంత అని ఇస్తారు. సీజన్ మొదట్లోనే అడ్వాన్స్ తీసుకుని ఉంటారు. రెండు గంటలు నీడన కూర్చుంటే ఆ రెండు గంటల ఇటుకలు పోయినట్టే, బాకీ మాత్రం తగ్గదు. "కూర్చోవచ్చుగా, ఎవరు వద్దన్నారు?" అంటారు యజమానులు. మనిషెవరూ వద్దనరు. బాకీ వద్దంటుంది. అందుకే మనం అడగాల్సింది ఉత్త విరామం కాదు, కూలి కోయని విరామం.

చట్టాలు లేవా? ఉన్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటల పనికి అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. వేసవిలో చల్లని నీళ్లు మాత్రం 250 మందికి పైగా ఉన్నచోటే తప్పనిసరి చేసింది. దాహం తలలు లెక్కపెట్టుకుని వేస్తుందా? 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, పిల్లలకి నీడ, విశ్రాంతి, మందుల పెట్టె ఉండాలంది. అది ప్రభుత్వ పనులకే. ఇక 1979 వలస కార్మికుల చట్టం రాష్ట్రం దాటి వచ్చినవాళ్లకే వర్తించింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లోనూ అదే గీత. ఒడిశా నుంచి వచ్చిన అన్న ఆ లెక్కలోకి వస్తాడు, మారేడుమిల్లి ఘాట్ దిగి వచ్చిన అక్క రాదు. ఇద్దరూ మోసేది ఒకే బట్టీ ఇటుకలు, ఒకే ఎండలో.

మధ్యాహ్నం పని ఆపడం కుదరదనేవాళ్లు తమ చుట్టాలనే అడగొచ్చు. రాజోలు, అమలాపురం నుంచి ఎంతమంది గల్ఫ్ వెళ్లలేదు? కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట ఎండలో పని నిషేధం. మనం గొప్పగా పోల్చుకునే కేరళలో కార్మిక శాఖ వేసవిలో 12 నుంచి 3 దాకా ఎండలో పని ఆపాలని ఉత్తర్వులిస్తుంది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బని రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలు ప్రకటించింది. ఆ సాయం అవసరమే. ప్రాణం నిలిపే గంట అంతకంటే అవసరం. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి, మర్చిపోవద్దు.

మన డిమాండ్లు:

1. ఏప్రిల్, మే నెలల్లో 12 నుంచి 4 దాకా బట్టీల్లో పని ఆపాలని జిల్లా ఉత్తర్వు రావాలి. ఆ గంటల కూలిని వెయ్యి ఇటుకల రేటులో కలపాలి.
2. ప్రతి బట్టీలో నీడ, చల్లని తాగునీరు, ఓఆర్‌ఎస్ ఉండాలి.
3. రాష్ట్రం లోపలే వలస వచ్చిన కూలీలనూ నమోదు చేయాలి.
4. కార్మిక శాఖ అధికారులు మధ్యాహ్నం రెండింటికి బట్టీ దగ్గరికి వచ్చి చూడాలి. ఆఫీసులో రిజిస్టర్ చూస్తే చాలదు.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఊరి నుంచి ఎవరు ఏ బట్టీకి వెళ్లారో, అడ్వాన్స్ ఎంతో, రేటు ఎంతో, నీడ ఉందో లేదో రాసి పెట్టండి. ఎవరైనా తడబడి మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా ఒళ్లు తడిపి, గాలి విసిరి, వెంటనే 108కి ఫోన్ చేయమని అక్కడివాళ్లకి చెప్పండి. ఆ రాసిన కాగితాలతోనే కలెక్టర్ దగ్గరికి వెళ్దాం.

విశ్రాంతి దయ కాదు. అది కూడా కూలిలో భాగమే.

జై ఆదివాసీ!